1613 నాటి కంచు మెడల్: ట్రెఫోర్ మార్కీజ్ మరీ ద విన్యోన్

ఇజేర్ తీరం (గ్రెనోబుల్), శనివారం రాత్రి 10:12

అందరికీ నమస్కారం. మన వేదికలో ఎక్కువగా శాతవాహనుల సీసపు నాణేలు, విజయనగర వరహాలు, నిజాం రూపాయల గురించే మాట్లాడుకుంటాం. ఈసారి వేరే దేశపు వస్తువు తెచ్చాను. ఇది నాణెం కాదు, మెడల్. దుకాణంలో చెల్లేది కాదు. ఒక మనిషి ముఖాన్ని కంచులో పోయించి, కావలసినవాళ్లకు ఇచ్చుకోవడానికి చేయించింది.

మెడల్ మీద ఉన్నావిడ మరీ ద విన్యోన్. చుట్టూ ఫ్రెంచిలో ఆవిడ పేరు, పక్కనే ట్రెఫోర్ మార్కీజ్ (కులీన స్త్రీలకుండే ఒక బిరుదు) అన్న హోదా. చేసిన శిల్పి జాకబ్ రిషియే, సంవత్సరం 1613. ఒక ప్రతి అమెరికాలో, వాషింగ్టన్ నేషనల్ గ్యాలరీలో ఉంది.

ఇది నన్ను ఎందుకు పట్టుకుందో చెప్తాను. ఫ్రాన్స్‌లో నేనుండే గ్రెనోబుల్‌లో ఎటు వెళ్లినా పాతకాలపు సేనాని లెదిగియేర్ పేరు వినిపిస్తుంది. పాత ఊరి మధ్యలో ఆయన భవనం, పక్కనే ఊరి తోట. హెర్క్యులిస్ కంచు విగ్రహం చేయిస్తే దానికీ ఆయన ముఖమే పెట్టారు. ఊరికి దక్షిణంగా విజీయ్‌లో కోట ఉంది. దాని ద్వారం పైన ఆయన గుర్రం మీద ఉన్న కంచు శిల్పం, అదీ జాకబ్ రిషియే చేసిందే. తర్వాత ఆయనకు రెండో భార్య అయిన ఈ మరీ పేరు మాత్రం ఊళ్లో నా కంటపడలేదు. ఆవిడ ముఖం తెలియాలంటే నాకు దొరికిన దారి ఈ మెడల్ ఒక్కటే.

లెదిగియేర్ గురించి రెండు ముక్కలు. అసలు పేరు ఫ్రాన్స్వా ద బోన్, 1543లో పుట్టాడు. ఫ్రాన్స్‌లో కాథలిక్కులకూ ప్రొటెస్టెంట్లకూ జరిగిన మత యుద్ధాల్లో ప్రొటెస్టెంట్ల సేనాని. 1590 చివర్లో గ్రెనోబుల్‌ను స్వాధీనం చేసుకున్నాడు. ఆ తర్వాత గ్రెనోబుల్ చుట్టూ ఉన్న దోఫినే ప్రాంతానికి మకుటం లేని మహారాజు ఆయనే. 1609లో మార్షల్, 1611లో డ్యూక్. 1622లో కాథలిక్ మతంలోకి మారి కానెటబుల్ అయ్యాడు, అంటే రాజు తర్వాత సైన్యంలో అంతటి పదవి. ఫ్రాన్స్‌లో ఆ పదవిలో చివరివాడు ఆయనే. 1626లో వలాన్స్‌లో పోయాడు.

మెడల్స్ గురించి తెలిసినవాళ్లు, ముఖ్యంగా పోత పని తెలిసినవాళ్లు చెప్పాలి. దీన్ని ఎలా చూడాలి? ఏమేం గమనించాలి?

శారద (వర్జీనియా), శనివారం రాత్రి 11:05

మంచి విషయం ఎత్తారు. నేషనల్ గ్యాలరీ మాకు దగ్గరే. అక్కడి మెడల్స్‌లో చాలా భాగం పారిస్‌లో ఉండిన గుస్తావ్ ద్రేఫ్యుస్ అనే ఆయన సేకరణ. ఆయన 1914లో పోయాక చేతులు మారి, చివరికి క్రెస్ ఫౌండేషన్ కొని 1957లో గ్యాలరీకి ఇచ్చింది. మెడల్స్ ముందు జనం పెద్దగా ఆగరు. పక్క గదుల్లో పెయింటింగులకే గుంపులు. కానీ ఒక్కసారి వంగి చూడటం అలవాటైతే వదలబుద్ధి కాదు.

ఒక సందేహం. లెదిగియేర్ రెండో పెళ్లి 1617లో అని ఎక్కడో చదివాను. మెడల్ 1613 అంటున్నారు. మరి అప్పటికి ఈవిడ ఆయనకు ఏమవుతుంది? పెళ్లికి ముందే మార్కీజ్ ఎలా అయింది?

ఇజేర్ తీరం (గ్రెనోబుల్), ఆదివారం మధ్యాహ్నం 1:30

శారద గారూ, అసలు కథ అక్కడే ఉంది.

1613లో ఆవిడకు భర్త ఉన్నాడు. పేరు ఎన్మోన్ మతెల్, గ్రెనోబుల్‌లో బట్టల వ్యాపారి. లెదిగియేర్‌తో ఆవిడ సంబంధం అప్పటికే చాలా కాలంగా సాగుతోంది, ఊరందరికీ తెలుసు. ఆయన మొదటి భార్య క్లోదీన్ ద బెరాంజే 1608లో చనిపోయింది. ట్రెఫోర్ అనేది బ్రెస్ ప్రాంతంలో ఒక మార్కీజు ఎస్టేటు. 1601 దాకా పొరుగు రాజ్యం సవాయ్ డ్యూకుల కింద ఉండేది. ఆ ఏడాది లియోన్ ఒప్పందంతో బ్రెస్ మొత్తం ఫ్రాన్స్‌కి వచ్చింది. ఆ ఒప్పందానికి ముందు సవాయ్‌తో జరిగిన యుద్ధంలో లెదిగియేర్ కూడా పోరాడాడు. తర్వాత ట్రెఫోర్‌ను కొని ఆవిడకు ఆ హోదా ఇప్పించాడు.

మెడల్ పోసిన మరుసటి ఏడాది, 1614లో, మతెల్ హత్యకు గురయ్యాడు. చంపినవాడు ఒక కల్నల్. వాణ్ణి పట్టుకుంటే లెదిగియేరే దగ్గరుండి జైలు నుంచి విడిపించాడని రాసినవాళ్లున్నారు. మూడేళ్లకు, 1617లో, పెళ్లి. పెళ్లికొడుకు వయసు 74.

పెళ్లికి ముందే వాళ్లిద్దరికీ పుట్టిన కూతుళ్లున్నారు. వాళ్లలో ఫ్రాన్స్వాజ్‌ను ఎవరికిచ్చారో తెలుసా? లెదిగియేర్‌కి మొదటి పెళ్లిలో పుట్టిన కూతురి భర్త మార్షల్ క్రెకీకి, ఆ కూతురు పోయాక. అంటే అక్క పోతే చెల్లెల్ని అదే అల్లుడికిచ్చి చేశారన్నమాట, కాకపోతే తల్లులు వేరు. ఆస్తి గడప దాటకూడదు కదా.

పాత దస్తావేజు (గుంటూరు), ఆదివారం సాయంత్రం 5:48

లాయరుగా ఒక మాట. "మార్కీజ్ హోదా ఇప్పించాడు" అన్న చోట కాస్త ఆగాలి. ఆనాటి ఫ్రాన్స్‌లో ఎస్టేటు కొనడం వేరు, కులీనుల్లో చేరడం వేరు. 1579లో వచ్చిన బ్లువా శాసనం ఈ సంగతి స్పష్టంగా చెప్పింది: సామాన్యుడు ఎంత పెద్ద ఎస్టేటు కొన్నా దానివల్ల మాత్రమే కులీనుడు కాడు. అంతకు ముందు డబ్బున్న వ్యాపారులు భూములు కొని, రెండు తరాలు గడిచేసరికి గొప్పింటివాళ్లుగా చలామణీ అయిపోయేవాళ్లు. దాన్ని ఆపడానికే ఆ నిబంధన.

ఇప్పుడు మెడల్ దగ్గరికి రండి. వ్యాపారి ఇంటి ఆవిడ, భర్త కూడా వ్యాపారే, ఆయన ఇంకా బతికే ఉన్నాడు. కంచు మీద మాత్రం ట్రెఫోర్ మార్కీజ్ అని ఉంది. భర్త పేరు మతెల్ లేదు. చట్టం ఒప్పుకోవడానికి తటపటాయించే హోదాను ఈ మెడల్ అయిపోయిన విషయంలాగా చెప్తోంది. కోర్టు కాగితం మీద రాస్తే ఎవరైనా అభ్యంతరం చెప్పొచ్చు. కంచులో పోసి నలుగురికీ పంచితే అది చేతులు మారుతూ పోతుంది, దాన్ని రద్దు చేసే కోర్టు ఉండదు. నన్నడిగితే ఈ మెడల్ కేవలం బొమ్మ కాదు, ఒక డిక్లరేషన్.

మైనం మట్టి (హైదరాబాద్), ఆదివారం రాత్రి 9:20

పోత పని గురించి అడిగారు కాబట్టి చెప్తాను. శిల్పం చదువుకున్నాను, ఇప్పుడు చేసేది కంచు పోతే.

మెడల్‌కి మొదలు మైనం. నున్నటి పలక రాయి మీదో, చెక్క మీదో మైనం ముద్ద పెట్టి బొమ్మను ఉబ్బెత్తుగా తీర్చుతారు. ముఖం ఒక పక్క నుంచి కనిపిస్తుంది కాబట్టి లోతు కొన్ని మిల్లీమీటర్లే దొరుకుతుంది. ఆ కొన్ని మిల్లీమీటర్లలోనే చెంప గుండ్రంగా కనబడాలి, చెవి వెనక్కి పోవాలి, భుజం ముందుకు రావాలి. పూర్తి విగ్రహం చేయడం కన్నా ఇది కష్టం అని చేసినవాడికే తెలుస్తుంది. అసలు కొలతలో పదో వంతు లోతుకు తల మొత్తాన్ని నొక్కి పెట్టి, చూసేవాడికి మాత్రం ఆ నొక్కుడు తెలియకుండా చేయాలి.

ఆ కాలం ఆడవాళ్ల మెడల్స్‌లో నేను ముందు చూసేది లేసు కాలరు. 1610ల్లో కులీన స్త్రీలు తల వెనక నిటారుగా లేచే కాలరు తొడిగేవాళ్లు, సన్నటి తీగలతో నిలబెట్టేవాళ్లు. పారిస్ శిల్పి గియోమ్ ద్యుప్రే అదే 1613లో టస్కనీ గ్రాండ్ డచెస్ మరియా మగ్దలేనాకి ఒక మెడల్ చేశాడు. ఫొటో పెద్దది చేసి చూడండి. లేసులోని ఒక్కో కన్నం కనిపిస్తుంది. మైనం మీద సన్నని మొన ఉన్న పనిముట్టుతో పొడుస్తూ పోయాడు. లేసు అంచు అర్ధచంద్రాకారాలుగా ఉంటుంది కదా, ఒక అర్ధచంద్రం ఇంకోదానితో అచ్చం సరిపోదు. చేత్తో చేసిన పని అని అక్కడే దొరుకుతుంది. ఆ మైనం చుట్టూ మెత్తటి మూస మట్టి పట్టించి, ఆరాక వేడి చేసి మైనం కరిగించి తీసేస్తే లోపల బోలు మిగులుతుంది. అందులో వెయ్యి డిగ్రీలు దాటిన కంచు పోస్తారు. మన పంచలోహ విగ్రహాలు పోసే పద్ధతి కూడా మూలంలో ఇదే. ఇంకో దారి, గట్టి నమూనా ఒకటి చేసుకుని సన్నటి ఇసుకలో ఒత్తి పోయడం. ప్రతులు ఎక్కువ కావాలంటే అది సులువు.

లేసు కన్నాల దగ్గరే పోత పరీక్ష. లోహం కాస్త చల్లబడినా, గాలి పోవడానికి దారి సరిగ్గా లేకపోయినా సన్నటి చోట్లకు చేరదు, అక్కడ కన్నాలు పూడుకుపోయి మొద్దుబారతాయి. అందుకే చాలామంది పోసిన తర్వాత ఉలితో మళ్లీ గీస్తారు. ద్యుప్రే గొప్పతనం ఏమిటంటే ఆయన పోతలకు ఆ రిపేరు దాదాపు అక్కర్లేదు. మైనం మీద వేలి కదలిక ఎలా ఉందో కంచు మీద అలాగే దిగింది. ఎంత పల్చగా పోసేవాడో!

జాకబ్ రిషియే వేరే రకం మనిషి. ఆయన పెద్ద విగ్రహాలు చేసినవాడు. లొరెయిన్‌లో సాన్ మిహియెల్ ఊరి రిషియే కుటుంబం, అదే బార్ ల ద్యుక్‌లో కుళ్లిన శవం నిలబడి గుండెను పైకెత్తి చూపే శిల్పం చేసిన లిజియే రిషియే వంశం. లిజియే ప్రొటెస్టెంటుగా మారి 1567లో జెనీవాలో చనిపోయాడు. జాకబ్ వచ్చి ప్రొటెస్టెంట్ సేనాని లెదిగియేర్ కొలువులో కుదిరాడు. గుర్రం, రౌతు, సమాధి చెక్కే చెయ్యి ఇలా అరచేతి వెడల్పు కంచు మీదికి దిగితే ఎలా ఉంటుందో అన్నదే నాకు ఈ మెడల్‌లో ఆసక్తి.

అగ్గిపెట్టె (బెంగళూరు), సోమవారం ఉదయం 8:15

చదువుతుంటే బాగుంది కానీ ఒక చోట ఒప్పుకోలేకపోతున్నాను. "డిక్లరేషన్" అన్నారు. ఎవరి డిక్లరేషన్? శిల్పి లెదిగియేర్ మనిషి. ట్రెఫోర్ కొన్నది లెదిగియేర్ డబ్బు. పోత ఖర్చు కూడా ఆయనదే అయి ఉంటుంది. ఆవిడ నోరు తెరిచి అడిగిందని ఎక్కడుంది? కోట తలుపు మీద తన గుర్రం, తోటలో హెర్క్యులిస్‌కి తన ముఖం, ఇంట్లో తను ఉంచుకున్నావిడ ముఖం. అన్నీ ఒకే మనిషి గొప్ప కోసం చేయించుకున్నవి. మధ్యలో ప్రాణం పోగొట్టుకున్న మతెల్ కోసం ఎవరూ మెడల్ పోయలేదు. నా మనసు ఆయన వైపే పోతోంది.

ఇజేర్ తీరం (గ్రెనోబుల్), సోమవారం సాయంత్రం 7:02

మతెల్ విషయంలో మీతో నూటికి నూరుపాళ్లు ఏకీభవిస్తాను. ఆ హత్యను తేలిగ్గా తీసుకునే హక్కు మనకు లేదు.

అయితే మెడల్ సంగతి వేరుగా చూడాలి. ఒక కారణం చెప్తాను. ఆ కాలంలో భార్యలకు మెడల్ చేస్తే మామూలుగా భర్త పక్కనే పెట్టేవాళ్లు. 1603లో ద్యుప్రే చేసిన ప్రసిద్ధమైన మెడల్ చూడండి: ఒక వైపు ఫ్రాన్స్ రాజు నాలుగో ఆన్రీ, రాణి మరీ ద మెడిసిస్ ఇద్దరి ముఖాలు ఒకదాని వెనక ఒకటి, రెండో వైపు చిన్న యువరాజు. ఆవిడ అక్కడ రాజుకు భార్య, వారసుడికి తల్లి. 1462లో పియెత్రో ద మిలానో చేసిన జాన్ ద లవాల్ మెడల్ కూడా అంతే, భర్త రెనే ద ఆన్జూ ముఖం వెనక ఆవిడ ముఖం.

మరీ విన్యోన్ మెడల్ మీద మగ ముఖం పక్కన లేదు. ఒక్కతే ఉంది. డబ్బు ఆయనదే కావచ్చు. కానీ మైనం ముందు కూర్చున్నది ఆవిడ. శిల్పి గంటల తరబడి చూసింది ఆవిడ ముక్కు, గడ్డం, జుట్టు. ఆయన ఎందుకు చేయించాడు అన్నది ఒక ప్రశ్న. చేశాక ఆ వస్తువు ఎవరిదిగా నిలిచింది అన్నది ఇంకో ప్రశ్న. 400 ఏళ్ల తర్వాత మనం మాట్లాడుతున్నది ఆవిడ గురించే కదా.

పాత దస్తావేజు (గుంటూరు), సోమవారం రాత్రి 8:40

> భర్త పేరు మతెల్ లేదు.

ఇది నేను రాసిందే, దానికి కొంచెం చేర్చాలి. ఫ్రాన్స్‌లో పెళ్లయిన ఆడవాళ్లు దస్తావేజుల్లో పుట్టింటి పేరుతోనే ఉండటం అప్పటి వాడుక. కాబట్టి విన్యోన్ అని రాయడంలోనే తిరుగుబాటు వెతకనక్కర్లేదు. బరువంతా మార్కీజ్ అన్న మాట మీదే ఉంది. భర్త వల్ల వచ్చిన హోదా కాదది, ఎందుకంటే మతెల్ మార్కీజు కాదు. 1613లో ఆ మాటను సమర్థించేది ఒక్క ఎస్టేటే.

శారద (వర్జీనియా), సోమవారం రాత్రి 10:30

మెడలే స్వయంగా మాట్లాడిన సందర్భం ఒకటి గుర్తొచ్చింది, చెప్పకుండా ఉండలేను. బ్రిటనీ డచెస్ ఆన్, ఫ్రాన్స్ రాజు పన్నెండో లూయీకి రాణి. ఆవిడ లియోన్ నగరానికి వచ్చినప్పుడు నగరవాసులు ఇద్దరి ముఖాలతో పెద్ద మెడల్ పోయించారు, 11 సెంటీమీటర్లు దాటుతుంది. రాణికి ఇచ్చింది బంగారు ప్రతి. నమూనా చేసిన శిల్పులు నికొలా లెక్లేర్, జాన్ ద సాన్ ప్రియెస్ట్, పోసింది కంసాలి జాన్ లెపేర్. లూయీ వెనక అంతా లిల్లీ పూలు. ఆన్ వెనక సగం లిల్లీలు, సగం బ్రిటనీ వాళ్ల ఎర్మిన్ (ఒక చిన్న జంతువు తెల్లటి బొచ్చు) గుర్తులు. ఇద్దరి ముఖాల కిందా లియోన్ సింహం.

ఆన్ వైపు లాటిన్ రాతలో ఏముందంటే, మంచి రాణి ఆన్ రెండోసారి ఏలుతుండగా లియోన్ ప్రజలు సంతోషిస్తూ ఉంటే నన్ను ఇలా పోత పోశారు, 1499 అని. రెండోసారి ఎందుకంటే ఆవిడ అంతకు ముందు ఎనిమిదో షార్ల్‌కి రాణి. 1499 అని ఉన్నా మన లెక్కలో అది 1500 మార్చి. ఆ రోజుల్లో వాళ్లకు కొత్త సంవత్సరం ఈస్టర్‌తో మొదలయ్యేది మరి.

ఇంతమంది చేతులు పడి చేసిన వస్తువు తన పుట్టుక తనే చెప్పుకోవడం నాకు చాలా ఇష్టం.

పైసా పురాణం (హైదరాబాద్), మంగళవారం ఉదయం 11:10

ఆలస్యంగా వచ్చాను. కొనేవాళ్ల కోసం నాలుగు మాటలు, ఎందుకంటే ఇలాంటి చర్చ చదివాక ఎవరో ఒకరు ఆన్‌లైన్ వేలంలో "17వ శతాబ్దపు ఫ్రెంచి కంచు మెడల్" చూసి ఆత్రపడతారు.

ముందు పోత, ముద్ర (అచ్చుతో ప్రెస్సులో కొట్టడం) తేడా తెలియాలి. 1438 ప్రాంతంలో పిసనెల్లో బైజాంటైన్ చక్రవర్తి ముఖంతో చేసిన దగ్గర్నుంచి పెద్ద మెడల్స్ అన్నీ పోతే. పారిస్‌కి స్క్రూ ప్రెస్సు (మర తిప్పి అచ్చు ఒత్తే యంత్రం) 1550ల మొదట్లో, రెండో ఆన్రీ కాలంలో వచ్చింది. అయినా పెద్ద సైజులో, లోతైన బొమ్మతో, కొద్ది ప్రతులే కావాలంటే 1613లో కూడా పోతే దారి. ఉక్కు అచ్చు చెక్కించి ప్రెస్సులో కొట్టించడం వందల ప్రతులకైతేనే గిట్టుబాటు.

పోత మెడల్‌తో చిక్కు ఏమిటంటే, దాన్నే నమూనాగా పెట్టి ఎవరైనా మళ్లీ పోయొచ్చు. కంచు చల్లారేటప్పుడు వందకు ఒకటి, ఒకటిన్నర వంతు ముడుచుకుంటుంది. అంటే 100 మిల్లీమీటర్ల మెడల్ నుంచి తీసిన నకలు 98.5 దగ్గర ఆగుతుంది. నకలుకు నకలు తీస్తే ఇంకా తగ్గుతుంది. అందుకే మ్యూజియం ప్రతి కొలత దగ్గర పెట్టుకుని వెర్నియర్‌తో (మిల్లీమీటరులో భాగాలను కూడా చూపే కొలత పనిముట్టు) కొలవడం మొదటి పని. ఫొటో చూసి డబ్బు పంపకండి.

రెండోది ఉపరితలం. నకళ్లలో జుట్టు, లేసు, అక్షరాల మూలలు మెత్తబడి సబ్బు అరిగినట్టు ఉంటాయి. పోత సరిగ్గా రాని చోట ఉలితో గీసి అక్షరాలు పదును పెట్టి ఉంటే లెన్సు కింద ఆ గీత తెలిసిపోతుంది. మూడోది, 19వ శతాబ్దంలో విద్యుత్తుతో రాగి పూత పెంచి నకళ్లు తీశారు. చాలా అందంగా ఉంటాయి, సూక్ష్మ వివరాలన్నీ దిగుతాయి. కానీ రెండు పల్చటి రేకులు అతికించి లోపల సీసం నింపుతారు కాబట్టి అంచు చుట్టూ అతుకు కనిపిస్తుంది. వేలాడదీసి గోటితో తడితే ఖంగుమనదు, మొద్దు చప్పుడొస్తుంది.

పైన చిన్న రంధ్రం ఉంటే మాత్రం భయపడకండి. అప్పట్లో వాటిని గొలుసుకో దారానికో కట్టుకునేవాళ్లు. రంధ్రం లోపలి అంచులు అరిగి నున్నగా ఉంటే మంచి గుర్తే.

కొత్తగా చేరాను (విజయవాడ), మంగళవారం రాత్రి 9:55

అందరికీ నమస్తే అండీ. ఇన్నాళ్లూ చదవడమే, రాయడం ఇదే మొదటిసారి. పైసా పురాణం గారి పోస్టు చూశాక టెన్షన్ మొదలైంది, అందుకే అడుగుతున్నాను.

మా పెదనాన్న గారు ఎప్పుడో పుదుచ్చేరిలో ఒక పాత సామాన్ల షాపులో కొన్న మెడల్ మా ఇంట్లో ఉంది. గోధుమ రంగు. ఒక వైపు ఆడమనిషి ముఖం, చుట్టూ డియానా అని మొదలయ్యే రాత. రెండో వైపు విల్లు పట్టుకున్న స్త్రీ, కాలి కింద రెక్కలున్న పిల్లవాడు. ఇది కూడా పోతేనా? ఎంత పాతది? అమ్మ అయితే చింతపండు పెట్టి తోమేస్తే తళతళలాడుతుంది అంటోంది. తోమమంటారా?

పైసా పురాణం (హైదరాబాద్), మంగళవారం రాత్రి 10:08

అమ్మగారిని ముందు ఆపండి! తోమొద్దు. మిగతాది తర్వాత.

ఇప్పుడు మెడల్‌ని పక్కకు తిప్పి అంచు మీద ఏముందో లెన్సుతో చూసి చెప్పండి. ఏదైనా చిన్న గుర్తు, అక్షరాలు?

కొత్తగా చేరాను (విజయవాడ), మంగళవారం రాత్రి 10:41

ఆపేశానండి. అంచు మీద బ్రాంజ్ అని ఇంగ్లిష్ అక్షరాలున్నాయి. దాని పక్కన చిన్న కొమ్ములాంటిది, అందులోంచి పళ్లు బయటికొస్తున్నట్టు ఉంది. మా చెల్లి ఫోను కెమెరాతో పెద్దది చేసి చూపించింది.

పైసా పురాణం (హైదరాబాద్), బుధవారం ఉదయం 7:30

చెల్లెలికి థాంక్స్ చెప్పండి. అంచు మొత్తం సంగతి చెప్పేసింది.

మీది పారిస్ టంకశాల వాళ్లు కొట్టిన మెడల్. వాళ్లు 1832 నుంచి అంచు మీద గుర్తు వేయడం మొదలుపెట్టారు. 1841 దాకా దీపం, తర్వాత కొద్దికాలం లంగరు, 1842 నుంచి ఓడ ముక్కు, 1845 నుంచి 1860 దాకా వేలు చూపిస్తున్న చెయ్యి, 1879 దాకా తేనెటీగ, 1880 నుంచి పళ్ల కొమ్ము. కాబట్టి మీది 1880కి ముందుది అయ్యే వీలు లేదు. ఈమధ్య కాలంలో కొట్టినవాటికి పక్కన సంవత్సరం కూడా ఉంటుంది, ఇంకోసారి చూడండి. పోత కాదు, ప్రెస్సులో కొట్టింది. పాత మెడల్స్ బొమ్మలను టంకశాల మళ్లీ అచ్చు తీయించి అమ్మేది, ఇప్పటికీ అమ్ముతుంది. దొంగ సరుకు కాదు, నిజాయతీగా గుర్తు వేసి అమ్మిన వస్తువు. లక్షలు రావు. చక్కటి పని మాత్రం అవును.

ముఖం ఎవరిదో ఇజేర్ గారు చెప్తారు.

ఇజేర్ తీరం (గ్రెనోబుల్), బుధవారం మధ్యాహ్నం 12:50

ఆవిడ డియాన్ ద ప్వాతియే అండీ! 16వ శతాబ్దపు ఫ్రాన్స్‌లో ఈవిడ పేరు వినని ఇల్లు ఉండేది కాదు. నార్మండీ సెనెషల్ (అక్కడ రాజు తరఫు అధికారి) లూయీ ద బ్రెజేతో 1515లో పెళ్లి, 1531లో ఆయన పోయాడు. తర్వాత జీవితమంతా నలుపు, తెలుపు బట్టలే కట్టింది. తనకన్నా దాదాపు ఇరవై ఏళ్లు చిన్నవాడైన రెండో ఆన్రీ రాజు మనసు చివరి దాకా ఆవిడ దగ్గరే ఉంది. 1548లో ఆయన ఆవిణ్ణి వలాన్తిన్వా డచెస్‌ను చేశాడు. 1559లో రాజు పోగానే రాణి కేథరిన్ షెనొన్సో కోట వెనక్కి తీసుకుని బదులుగా షోమోన్ కోట ఇచ్చింది. డియాన్ తన ఆనే కోటలో 1566లో చనిపోయింది.

మీ మెడల్ మీద ముఖం వైపు రాత, డియానా, వలాన్తిన్వా డచెస్, మహా ప్రసిద్ధురాలు అని. రెండో వైపు వేట దేవత డయానా ప్రేమ దేవుడు క్యూపిడ్‌ని తొక్కుతోంది, చుట్టూ "అందరినీ జయించినవాణ్ణి నేను జయించాను" అని లాటిన్‌లో. ఇందులో ఒక చమత్కారం ఉంది, గమనించండి. డచెస్ అన్న మాట ఉంది కాబట్టి ఈ రూపకల్పన 1548కి ముందుది కాలేదు. అప్పటికి ఆవిడకు 50 దగ్గర పడ్డాయి. ముఖం మాత్రం పడుచుపిల్లది. కాబట్టి ఎదురుగా కూర్చోబెట్టి చేసిన ముఖం అని దీన్ని నమ్మలేం. ఆవిడ ఎలా గుర్తుండాలో ఆ ముఖం పెట్టారు.

మరీ విన్యోన్ మెడల్‌కీ దీనికీ నాకు కనిపించే తేడా అదే. డియాన్‌ని దేవతను చేశారు, వయసు తీసేశారు, పురాణం తగిలించారు. మరీకి అవేవీ అక్కర్లేకపోయాయి. ఫ్రెంచిలో పేరు, హోదా, శిల్పి పేరు, సంవత్సరం.

అగ్గిపెట్టె (బెంగళూరు), బుధవారం సాయంత్రం 6:20

ఈ పోలిక బాగుంది. డియాన్‌ది లాటిన్, దేవతల భాష. మరీది ఊళ్లోవాళ్లకు అర్థమయ్యే భాష. మతెల్ కూడా చదవగలిగి ఉంటాడు. ఆ ఒక్క సంగతి ఆలోచిస్తే నాకు ఇంకా కష్టంగానే ఉంది. కానీ ఆవిడని ఆయన చేయించుకున్న వస్తువు కింద లెక్కేయడం సరికాదన్న మీ మాట ఒప్పుకుంటాను.

మైనం మట్టి (హైదరాబాద్), బుధవారం రాత్రి 8:55

విజయవాడ చెల్లెమ్మకు శుభ్రం చేసే పద్ధతి చెప్పి వెళ్తాను. చింతపండు, నిమ్మకాయ, ఇత్తడి పాలిష్, బూడిద, పీతాంబరి ఏవీ వద్దు. ఆ గోధుమ రంగు మురికి కాదు. టంకశాలలోనే రసాయనాలతో ఆ రంగు తెప్పించి పంపుతారు. పుల్లటిది తగిలితే అది కరిగిపోయి కింద ఎర్రటి రాగి బయటపడుతుంది, మళ్లీ రాదు. పాత పోత మెడల్స్‌కి అయితే నష్టం ఇంకా ఎక్కువ. వాటి మీద నల్లటి లక్క పూత శతాబ్దాలుగా చేతుల రాపిడితో ముక్కు మీద, చెంప మీద పల్చబడి ఉంటుంది, మడతల్లో మిగిలి ఉంటుంది. ముఖానికి ఆ నీడలే ప్రాణం.

మెత్తటి పొడి కుంచెతో దుమ్ము దులపండి, చాలు. వేళ్ల చెమటలో ఉప్పు ఉంటుంది కాబట్టి అంచులు పట్టుకుని ఎత్తండి. విజయవాడ ఉక్కపోతకి బీరువాలో సిలికా జెల్ పొట్లం ఒకటి పెట్టండి. ప్లాస్టిక్ కవర్లో బిగించొద్దు, నూలు గుడ్డలో చుట్టండి. మడతల్లో లేత పచ్చటి పొడి కనిపించి, దులిపినా మళ్లీ వస్తుంటే మాత్రం ఫొటో తీసి ఇక్కడ పెట్టండి. అది తుప్పు జబ్బు, వెంటనే చూడాలి.

కొత్తగా చేరాను (విజయవాడ), బుధవారం రాత్రి 9:34

పచ్చ పొడి లేదండి, ఇప్పుడే చూశాను. సంవత్సరం కూడా దొరికింది, కొమ్ము గుర్తు పక్కనే 1971. అమ్మకి డియాన్ కథ చదివి వినిపించాను. చింతపండు డబ్బా లోపల పెట్టేసింది. రేపు పగటి వెలుతురులో రెండు వైపులా ఫొటోలు తీసి పెడతాను.